మూడుసార్లు తిరిగొచ్చిన మొగుడు

ఆ కాలేజీలో సంఘాన్ని బాగుచేయడానికి మూడేళ్ళు పట్టేది. మొదటి ఏడు మనిషి మనసు గురించి చదవాలి. రెండో ఏడు మనిషికి వచ్చే కష్టాల గురించి చదవాలి. మూడో ఏడు ఏకంగా సంఘాన్నే చదివి పారేయాలి. ఇవి కాక మంగళవారం, శుక్రవారం ఊళ్ళ మీద పడి ఏడాదికి మూడువందల గంటలు ఫీల్డ్ వర్క్ చేయాలి, చేసినట్టు డైరీ రాయాలి, డైరీ మీద సంతకం పెట్టించుకోవాలి. రెండో ఏడు ప్రతి విద్యార్థీ ఒక క్లయింటును పట్టుకోవాలి. క్లయింటు అంటే కష్టాల్లో ఉన్న మనిషి అని అర్థం. ఆ మనిషితో పన్నెండుసార్లు మాట్లాడి, మాట్లాడిందంతా గీతల కాగితాల మీద రాసి, ఆ కష్టం తీర్చి, కేసు మూసేసి, ఆ కాగితాలకు అట్ట వేసి ఇవ్వాలి. తిరుపతిలో ఆ రోజుల్లో బి.ఏ. సోషల్ వర్క్ అంటే ఇదీ. ఇంత తతంగంలోనూ పిల్లలు ఒళ్ళు వంచి చేసే పని అట్ట వేయడం ఒక్కటే.

ఈ తతంగానికి పెద్ద, శాఖాధిపతి సౌందరరాజన్. మద్రాసులో చదువుకొచ్చాడు. పేదరికం గురించి గంటసేపు గుక్క తిప్పుకోకుండా మాట్లాడగలడు. ఊళ్ళోకి మాత్రం, బస్సు దిగిన చోట ఉండే టీ అంగడి దాటి పోయిన పాపాన పోలేదు. ఆ అంగడి బెంచీ మీదే కూర్చుని పిల్లల డైరీలన్నిటి మీదా సంతకాలు చేసి, తర్వాతి బస్సుకు వెనక్కి వచ్చేవాడు. ఆయనకు ఒక సూత్రం ఉండేది. మూయని కేసుకు మార్కుల్లేవు. "రోగం నయం చేయలేని డాక్టరుకు ఎవరైనా దణ్ణం పెడతారా?" అని క్లాసులో అడిగేవాడు. పెట్టరు గనక, ఆ శాఖ చెయ్యి పడ్డ ప్రతి కష్టమూ మార్చి నెలాఖరుకల్లా తీరిపోయేది.

ఫీల్డ్ వర్కుకు వడమాలపేటను ఎంచుకోవడంలో కూడా ఒక శాస్త్రం ఉంది. ఊరు పుత్తూరు రోడ్డు మీదే ఉంది, బస్సులకు కొదవ లేదు, కాలనీ రోడ్డు దిగితే వచ్చేస్తుంది. లోపలి పల్లెల్లో ఇంకా పెద్ద కష్టాలు ఉండొచ్చు గానీ అక్కడికి బస్సు లేదు. ఏడేళ్ళుగా బ్యాచీ తర్వాత బ్యాచీ ఆ కాలనీ మీదే పడటంతో అక్కడి ఆడవాళ్ళకు సిలబసు నోటికి వచ్చేసింది. నోటుపుస్తకం పట్టుకున్న పిల్ల కనబడితే చాలు, "బిడ్డలు ముగ్గురు, బర్రె లేదు, నీళ్ళు బోరింగు కాడ" అని అడక్కుండానే అప్పజెప్పేవారు.

అమృతవల్లికి ఇదంతా చూస్తే ఒళ్ళు మండేది. గుడి ఆఫీసులో గుమాస్తాగా ఉన్న దేవనాథన్ గారి అమ్మాయి ఆమె. బి.ఎస్సీ.లో సీటు రాక ఇందులో పడింది. సౌందరరాజన్ నడకను, రుమాలుతో ముక్కు మూసుకోవడాన్ని క్లాసులో అందరికంటే బాగా అనుకరించేది ఆమే. తోటివాళ్ళు సీనియర్ల రికార్డులు ఎత్తి రాస్తుంటే దగ్గర కూర్చుని వెక్కిరించేది. అంత వెక్కిరించిన మనిషి తను మాత్రం ఏం చేసిందయ్యా అంటే, వాళ్ళు చేసిందే చేసింది. కాకపోతే సొంత తెలుగులో చేసింది.

రెండో ఏట ఆమె పట్టుకున్న క్లయింటు పేరు వరదమ్మ. ఇటుకల బట్టీలో కూలి పని. నలభై ఏళ్ళుంటాయి. మొదటి రోజు అమృతవల్లి గుడిసె ముందు నిలబడగానే ఆమె చాట పక్కన పెట్టి అడిగింది.

"నీది ఏంది పాపా, గ్రూపా, కేసా?"

"కేసు, అక్కా."

"కేసైతే కూసో. గ్రూపైతే పదిమందిని పిల్సుకు రావాల్సొస్తాది." చీర కొంగుతో అరుగు తుడిచింది. "నా కష్టం పాతదే. మొగుడు ఇడ్సిపెట్టి పొయ్యినాడు. పోయిన తూరి వొచ్చిన పిల్ల గూడా ఇదే రాసుకున్నాది. కొత్తది గావాలంటే పక్కింటి తిరుమలమ్మ కాడికి పో. ఆయమ్మ మొగుడు తాగుతాడు."

వరదమ్మ మొగుడు గోవిందస్వామి లారీ క్లీనరు. పదకొండేళ్ళ కిందట అరక్కోణం లోడుకు పోయి, అక్కడే ఇంకొక సంసారం పెట్టుకుని, మళ్ళీ ఈ దిక్కు చూడలేదు. వరదమ్మ తన అన్న స్థలంలో చూరు దింపుకుని ఉంటోంది. ఆ చూరు కింద ఉన్నన్నాళ్ళూ వదిన నోటికి వెరచి బతకాల్సిందే. పాత్ర కిందపెట్టిన చప్పుడుకు కూడా వదిన బయటికొచ్చి చూసేది. "నాదనే తావు నాలుగడుగులుంటే చాలు పాపా, ఆడ పడి సస్తా" అన్నదొక్కటే వరదమ్మ తనంతట తాను చెప్పుకున్న కష్టం. ఆ మాట అమృతవల్లి రాసుకోలేదు. మొగుడి కథలోకి అది ఇమడలేదు.

నాలుగుసార్లు నిజంగానే వెళ్ళింది. మిగతా ఎనిమిది ఇంటర్వ్యూలు ఇంట్లో ఫ్యాను కింద కూర్చుని రాసింది. అయినా ఆఖరున నిజమే రాసింది, గోవిందస్వామి రాడని. సౌందరరాజన్ రికార్డు ఆమె ముందుకు తోసేశాడు.

"ముగింపు ఏదమ్మా?"

"రాలేదు సార్ ఆయన."

"రాకపోతే నువ్వు పన్నెండుసార్లు వెళ్ళి ఏం చేసినట్టు? ఆమెతో కబుర్లు చెప్పి వచ్చావా? మార్కులు దేనికి వెయ్యాలి, బస్సు టిక్కెట్లకా?"

అమృతవల్లి ఇంటికి వచ్చి ఆఖరి నాలుగు పేజీలు చింపి మళ్ళీ రాసింది. అరక్కోణానికి తను ఉత్తరం రాసింది. గోవిందస్వామి దిగివచ్చాడు. గుమ్మంలో నిలబడి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. వరదమ్మ వడ్డించిన అన్నం తిన్నాడు. తింటూ తింటూ మధ్యలో ఒకసారి ఆగి ఆమె వంక చూశాడు. ఆ చూడటం దగ్గర అమృతవల్లికి రాస్తూ రాస్తూ తనకే కళ్ళు చెమర్చాయి. నూటికి ఎనభైరెండు వచ్చాయి. చెమర్చిన కళ్ళకు ఎన్ని, అట్టకు ఎన్ని అన్నది ఆయన విడిగా చెప్పలేదు.

ఇక మూడో ఏడు జనవరిలో, ఊరి సమస్యల పేపరు కోసం వడమాలపేటలో దిగిన మొదటి మంగళవారమే, వరదమ్మ రోడ్డు మీద ఎదురుగా వచ్చి నిలబడింది. ముఖం ఎర్రగా ఉంది.

"పాపా, నాకు మొగుడొచ్చినాడంట. నువ్వేమన్నా సూసినావా?"

సంగతేమంటే, మొగుడు విడిచిపెట్టిన ఆడవాళ్ళకు ఊరి చివర మూడేసి సెంట్ల ఇంటిస్థలం ఇవ్వాలని గవర్నమెంటు తలపెట్టింది. వడమాలపేట జాబితాలో వరదమ్మ పేరు రెండోది. పుత్తూరు తాలూకాఫీసులో గోడకు అంటించిన జాబితా చూసి వచ్చినవాళ్ళు, ఆమె పేరు మీద ఎర్రసిరా గీత ఉందనీ, పక్కన "భర్తతో కలిసి ఉంటున్నది" అని రాసి ఉందనీ చెప్పారు. అడిగితే పుత్తూరు వాళ్ళు ఆ గీత చిత్తూరు నుంచే వచ్చిందన్నారు. రేపే చిత్తూరు పోదామని అమృతవల్లి చెప్పింది.

చిత్తూరు కలెక్టరాఫీసులో గుమాస్తా సుబ్రమణ్యం చెడ్డవాడు కాదు. బీరువా తీసి, దుమ్ము దులిపి, అచ్చుపుస్తకాలు మూడు బల్ల మీద పరిచాడు. కాలేజీ వాళ్ళు తమ గొప్ప చెప్పుకోవడానికి ఏటేటా అచ్చువేసి పంపే నివేదికలు అవి. జాబితా సరిచూసి పంపమని ఆయనకు పైనుంచి ఆర్డరు వచ్చింది. ఊరూరూ తిరిగి సరిచూసే ఓపిక ఎవరికుంది? అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు ఇవి కనబడ్డాయి. "కలిపిన సంసారాలు" అన్న శీర్షిక కింద వేలు పెట్టి చూపించాడు. డెబ్బై తొమ్మిదిలో వడమాలపేట వరదమ్మ, గోవిందస్వామి. ఎనభైలో వడమాలపేట వరదమ్మ, గోవిందస్వామి. ఎనభై ఒకటిలోనూ వాళ్ళిద్దరే.

"సూడమ్మా, ఒకతూరి గాదు, మూడుతూర్లు వొచ్చినాడు. కాలేజీ వాళ్ళు అచ్చేసి మరీ చెప్పినారు. నేనేం జేసేది?"

"ఏటేటా ఎందుకు వస్తాడు సార్, మధ్యలో పోకుండా?" అంది అమృతవల్లి.

"అది నన్ను అడగొద్దు. వొచ్చినట్టు కాగితముండాది. పొయ్యినట్టు కాగితం లేదు. పొయ్యినాడని మీ కాలేజీ వాళ్ళే సీలేసి రాసిస్తే పేరు మళ్ళీ ఎక్కిస్తా. ఫిబ్రవరి ఇరవైకి పట్టాలు పంచేస్తారు. ఆ లోపల తెండి."

తిరుగు బస్సు పాకాల దాటింది. వరదమ్మ కిటికీలోంచి బయటికి చూస్తూనే అడిగింది.

"ఆ మూడిట్లో నువ్వు రాసింది యాదో ఒకటుండాది గదా?"

కాదంటే ఆమె నమ్మేది. అమృతవల్లికి ఆ సంగతి తెలుసు. "ఆఖరుది నేను రాసిందే అక్కా" అంది.

"వొచ్చి ఏం జేసినాడు?"

"ఏడ్చినాడు. నువ్వు పెట్టిన అన్నం తిన్నాడు."

వరదమ్మ చప్పున ఇటు తిరిగింది. "అన్నం యాడిది పాపా నా ఇంట్లో? సంగటి తిన్నాడని రాసుంటే కొంచెమన్నా నమ్మేటట్టుండేది." ఆ మాటలో కోపం లేదు. అమృతవల్లికి అదే భరించడం కష్టమయింది. తిట్టి ఉంటే బాగుండేదని మనసారా అనుకుంది. రెండేళ్ళుగా తను సౌందరరాజన్‌ను వెక్కిరించిన వెక్కిరింపులన్నీ ఆ బస్సులో వచ్చి తన నెత్తినే కూర్చున్నాయి.

మర్నాడు సౌందరరాజన్ గదికి వెళ్ళింది. అంతా విని ఆయన లేచి తలుపు దగ్గరికి వేశాడు.

"అబద్ధం రాశామని సీలు వేసి గవర్నమెంటుకు రాసివ్వమంటావా? మూడు బ్యాచీలమ్మా! రాసినవాళ్ళలో ఒకరికి మద్రాసులో ఉద్యోగం కూడా వచ్చింది. వాళ్ళ డిగ్రీలన్నీ గంగలో కలపమంటావా?"

"నాది కూడా కలపండి సార్."

"నీది ముందు కలుస్తుంది, కంగారు పడకు." కళ్ళజోడు తుడుచుకున్నాడు. "ఒకామె ఇంటిస్థలం కోసం ఒక శాఖను తగలబెట్టమంటున్నావు. దీన్ని సమాజసేవ అనరు."

ఫిబ్రవరి పదిహేనో తేదీన వైవా ఉంది. మద్రాసు నుంచి జ్ఞానాంబ అనే పరీక్షాధికారి వస్తోంది. ఈమె కఠినురాలని, లంచానికీ ముఖస్తుతికీ లొంగదని, ముప్పై ఏళ్ళుగా బస్తీల్లో పనిచేసిందని పేరు. అమృతవల్లి ఆశంతా ఆమె మీద పెట్టుకుంది. డిగ్రీ పోతే పోనీ అనుకుంది. నాన్నకు చెబితే, "రాసేటప్పుడు లేని నిజం ఇప్పుడెక్కడి నుంచి వచ్చింది?" అని ఒక్క మాట అడిగి, పంచాంగం చూసుకోవడంలో పడ్డాడు. అయినా వరదమ్మకు కబురు పంపింది, పదిహేనో తేదీ ఉదయం కాలేజీకి రమ్మని.

జ్ఞానాంబ ఖద్దరు చీర కట్టుకుని, తెల్లజుట్టు ముడి వేసుకుని, చూడగానే నమ్మబుద్ధయ్యేటట్టు ఉంది. అమృతవల్లి వంతు రాగానే కూర్చోమంది. ఆమె కూర్చోలేదు.

"మేడమ్, పోయినేడాది నేను రాసిన కేసులో ఆఖరి నాలుగు పేజీలు అబద్ధం. ఆ భర్త రాలేదు. దాని వల్ల ఒకామెకు ఇంటిస్థలం పోతోంది. ఆమె బయట ఉంది."

సౌందరరాజన్ ముఖం పాలిపోయింది. జ్ఞానాంబ ఆయన వంక చూడకుండానే, ఆమెను లోపలికి పిలవమంది. వరదమ్మ వచ్చి, ఎవరు పెద్దో ఒక్కసారి అంచనా వేసుకుని, జ్ఞానాంబ ముందు నిలబడి చేతులు జోడించింది.

"అమ్మా, ఈ కాలేజీ వాళ్ళు నా మొగుణ్ణి మూడుతూర్లు నాకు తెచ్చిచ్చినారంట. ఒకతూరి గూడా నా కండ్లకి అగుపడలే. యాడ పెట్టినారో సెప్పమనండి. లేదంటే ఆ మూడు సెంట్లన్నా ఇప్పించండి. రెండిట్లో యాదైనా సరే. సెంట్లైతే ఇంకా మేలు."

జ్ఞానాంబ మూడు రికార్డులూ తెప్పించి, ఒకటి తర్వాత ఒకటి తిరగేసింది. పావుగంట పట్టింది. తల ఎత్తేసరికి ఆమె కళ్ళు నిప్పుల్లా ఉన్నాయి. "మూడేళ్ళు ఒకే మనిషా? ఇంత నిర్లక్ష్యమా సౌందరరాజన్? మీకు సిగ్గుగా లేదా?" అంది. అమృతవల్లికి ఏడుపొచ్చినంత పనయింది. నిజం వినే మనిషి ఇన్నాళ్ళకు ఒకరు దొరికారనుకుంది.

"ఫాలో-అప్ ఏదండీ?" అని జ్ఞానాంబ బల్ల చరిచింది. "కేసు మూశాక ఆరునెలలకు మళ్ళీ వెళ్ళి చూడాలని సిలబసులో లేదా? మూడు కేసుల్లో ఒక్కదానికీ ఫాలో-అప్ లేదు! తిరిగొచ్చిన భర్త మళ్ళీ పోవడం మన వృత్తిలో మామూలే. పోయాడని అప్పుడే రాసి ఉంటే ఈమెకు ఈ గతి పట్టేదా?"

సౌందరరాజన్ ముఖంలోకి నెత్తురు మెల్లగా తిరిగి వచ్చింది. "పొరపాటే మేడమ్. పెద్ద పొరపాటు" అన్నాడు, ఎంతో వినయంగా.

"మేడమ్, పోవడానికి అతను రానే లేదు" అంది అమృతవల్లి. "ఒక్కసారి కూడా రాలేదు."

జ్ఞానాంబ ఆమె వంక జాలిగా చూసింది. గొంతు తగ్గించింది. "అమ్మాయీ, ఈ రికార్డులన్నీ అబద్ధమని రాస్తే చిత్తూరు వాళ్ళు ఏం చేస్తారు? ఎంక్వయిరీ అంటారు. ఏడాది పడుతుంది. ఇరవయ్యో తేదీ దాటిపోతుంది. వచ్చినవాడు పోయాడని రాస్తే ఐదు నిమిషాల పని. నీకు కావలసింది నీ నిజమా, ఆమె ఇల్లా?"

అమృతవల్లి వరదమ్మ వంక చూసింది. వరదమ్మకు ఈ మాటల్లో సగం అర్థం కాలేదు గానీ, ఇల్లు అన్న మాట దగ్గర ఆమె తల ఎత్తింది. ఆ చూపు ముందు అమృతవల్లి నిజం నిలబడలేదు. ఈ పాపాన్ని కడుక్కుని బయటపడదామని వచ్చింది తను. కడుక్కోవడం కోసం ఆమె ఇంటిని ఏడాదిపాటు ఆపమనడానికి నోరు రాలేదు. "ఇల్లే మేడమ్" అంది. జ్ఞానాంబ మెచ్చుకోలుగా తల ఊపింది. పరీక్షలో అడిగిన ప్రశ్నకు సరైన జవాబు వచ్చినట్టే ఉంది ఆ ఊపడం.

ఆ తర్వాత పని చకచకా సాగింది. టైపు మిషను తెప్పించారు. సౌందరరాజన్ చెబుతుంటే అటెండరు టైపు కొట్టాడు. శ్రీ గోవిందస్వామి తమ శాఖ కృషి వల్ల మూడు పర్యాయాలు కుటుంబంతో కలిసిన మాట వాస్తవమనీ, అయితే స్వభావ దౌర్బల్యం చేత మూడు పర్యాయాలూ తిరిగి విడిచి వెళ్ళాడనీ, చివరిసారి వెళ్ళినది గత నవంబరు మాసమనీ. నవంబరులో ఏ తేదీ వెయ్యమంటారని అటెండరు అడిగాడు. సౌందరరాజన్ అమృతవల్లి వంక చూశాడు. కేసు ఆమెది కదా, తేదీ ఆమే చెప్పాలి. ఆమె పన్నెండు అంది. ఫాలో-అప్ కింద ఆమె ఫీల్డ్ వర్కుకు మరో ఇరవై గంటలు కలిపారు. వైవాలో ఆ బ్యాచీ మొత్తానికీ ఎక్కువ మార్కులు ఆమెకే వచ్చాయి. ఆ ఉత్తరం చూసే సుబ్రమణ్యం వరదమ్మ పేరు మళ్ళీ ఎక్కించాడు, ఇరవయ్యో తేదీన ఆమెకు పట్టా చేతికొచ్చింది కూడా. లేదనడానికి వీల్లేదు.

కానీ ఆ రోజు సీలు వేశాక, ఉత్తరం అడుగున క్లయింటు వేలిముద్ర కూడా ఉంటే బలంగా ఉంటుందని జ్ఞానాంబ సలహా ఇచ్చింది. అమృతవల్లి సిరా దిండు, ఉత్తరం తీసుకుని వరాండాలో కూర్చున్న వరదమ్మ దగ్గరికి వెళ్ళింది. సౌందరరాజన్ వెనకే వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"ఏం రాసినారో సదువు పాపా" అంది వరదమ్మ.

అమృతవల్లి చదివింది. వరదమ్మ గడ్డం కింద చెయ్యి పెట్టుకుని శ్రద్ధగా విన్నది. అయిపోయాక అడిగింది.

"మూడుతూర్లూ ఆయనే పొయ్యినాడా?"

"అవునక్కా. అట్లా రాశారు."

"ఒకతూరన్నా నేనే తరిమేసినానని రాయగూడదా? ఎట్లైనా అబద్ధమే గదా."

అమృతవల్లి తల తిప్పి సౌందరరాజన్ వంక చూసింది. ఆయన నొచ్చుకున్నట్టు చెయ్యి ఊపాడు. "కుదరదమ్మా. నువ్వు తరిమేస్తే భర్త విడిచిన స్త్రీవి ఎట్లా అవుతావు? పట్టా రాదు."

వరదమ్మ ఆయన వంక చూసింది, కాగితం వంక చూసింది.

"అట్లైతే ఆయన్నే పోనీలే" అని బొటనవేలు సిరా దిండు మీద అదిమి, "యాడ పెట్టాల?" అని చెయ్యి చాచింది. అమృతవల్లి ఆ చెయ్యి పట్టుకుని, ముద్ర పడాల్సిన చోటికి తీసుకుపోయింది. తన చెయ్యి చూస్తే తనకే రోత పుట్టింది.